రాళ్ళమడుగులో నేటి చల్లదనం

రాళ్ళమడుగు పురపాలక సంఘానికి ఆ ఏడు మే మొదటి వారంలో జిల్లా కార్యాలయం నుంచి ఒక తాఖీదు వచ్చింది.

"గత సోమవారము మీ పరిధిలో ఉష్ణోగ్రత నలభై ఆరు డిగ్రీలకు చేరినట్లు మా దృష్టికి వచ్చినది. నలభై అయిదు దాటరాదని మీకు తెలిసియుండియు ఇట్లు దాటనిచ్చుటకు కారణములేమి? బాధ్యులైన సిబ్బంది ఎవరు? వారిపై తీసుకొన్న చర్య ఏమి? మూడు దినములలో సంజాయిషీ పంపవలెను."

కమిషనర్ శిఖామణి గారు దాన్ని రెండుసార్లు చదివి, ముందు శానిటరీ ఇన్‌స్పెక్టరును పిలిచారు. ఎండ రోడ్డు మీద ఉంటుంది కనక అది ఇంజనీరింగు విభాగానిదని అతను తేల్చాడు. రోడ్డు తమదే గానీ రోడ్డు మీద పడేదేదీ తమది కాదనీ, అది చెత్త కిందికి వస్తుందనీ ఇంజనీరింగు విభాగం జవాబిచ్చింది. సాయంత్రం దాకా ఎండ ఆ రెండు గదుల మధ్య తిరిగి, చివరికి ఎవరికో జ్ఞానోదయమై జనన మరణాల సెక్షన్‌కు చేరింది.

ఆ సెక్షన్‌లో సీనియర్ అసిస్టెంటు కొమరగిరి పరంధామం. యాభై రెండేళ్ళ మనిషి. ఆయనకు పేకాట లేదు, సినిమా లేదు, రాజకీయం లేదు. వాతావరణం ఒక్కటే ఉంది. పాత కిటికీ తలుపుల బద్దలతో తానే ఒక పెట్టె చేసి, తెల్లరంగు వేసి, ఆఫీసు డాబా మీద నాలుగు కాళ్ళ మీద నిలబెట్టాడు. అందులో రెండు థర్మామీటర్లు. ఒకటి మామూలుది, రెండోదాని బుడ్డికి తడిగుడ్డ. పంతొమ్మిదేళ్ళుగా రోజూ మధ్యాహ్నం రెండున్నరకు నెత్తిన తువ్వాలు వేసుకుని డాబా ఎక్కుతాడు. జీతంలో దీనికి పైసా లేదు. పెళ్ళిరోజున కూడా ఎక్కాడని ఆయన భార్య అనసూయమ్మ ఇప్పటికీ చెబుతుంది.

పుట్టిన తేదీ సర్టిఫికెట్టు కోసం వచ్చినవాళ్ళు కాగితంతో పాటు ఒక ఉపన్యాసం కూడా పట్టుకుపోయేవారు. "మీ అమ్మాయి పుట్టిన రోజున ఇక్కడ నలభై మూడమ్మా. రష్యాలో ఓ ఊరుంది. చలికాలం మైనస్ అరవై దాటుతుంది, ఎండాకాలం ముప్పై ఎనిమిదికి ఎక్కుతుంది. అక్కడ పుట్టినవాళ్ళు ఏ బట్టలు కొనుక్కోవాలి చెప్పు?" అనేవాడు. సర్టిఫికెట్టు ఆయన చేతిలో ఉంది కనక ఆ తల్లి నిలబడి వినేది.

అలాంటి పరంధామాన్ని కమిషనర్ గారు స్వయంగా పిలిపించి, కుర్చీ చూపించారు. పంతొమ్మిదేళ్ళలో ఆ గదిలో ఆయన కూర్చోవడం అదే మొదలు.

"ఏమయ్యా, ఈ వేడి సంగతి నీకు తెలుసట గదా?"

అడగడమే ఆలస్యం. పరంధామం గుండెలో పంతొమ్మిదేళ్ళ గేట్లు తెరుచుకున్నాయి. "సార్, వేడి అంటే అంకె ఒక్కటే కాదండీ. సముద్రం ఒడ్డున ముప్పై ఎనిమిది ఉంటే ఒళ్ళు ఉడికిపోతుంది, చెమట ఆరదు. మనకు పొడి వేడి. నలభై నాలుగైనా నీడలో కూర్చుంటే తట్టుకుంటాం. లండన్‌లో ముప్పై అయిదైతే జనం అల్లాడిపోతారు. అదే బస్రా తీసుకోండి. ఇరాక్‌లో. మన ఊరి ఇమాంవలి అక్కడ క్రేను నడుపుతున్నాడు, రోజూ నాకు ఫోన్‌లో పంపిస్తాడు. సోమవారం అక్కడ యాభై ఒకటి సార్! వాళ్ళ ముందు మనం ఎంత?"

శిఖామణి గారు ముందుకు వంగారు. "మళ్ళీ చెప్పు."

"బస్రాలో యాభై ఒకటి."

"మనం?"

"నలభై ఆరు."

"అంటే మనం బస్రా కంటే అయిదు డిగ్రీలు చల్లగా ఉన్నామన్నమాట!"

పరంధామం వేళ్ళ మీద లెక్క చూసుకున్నాడు. లెక్కలో తప్పేమీ లేదు. "అలా కూడా అనవచ్చండీ," అన్నాడు.

ఆయన జీవితంలో అంతకంటే ఖరీదైన మాట మరొకటి అనలేదు.

మర్నాడే సంజాయిషీ వెళ్ళింది. "ఉష్ణోగ్రత అనునది తులనాత్మక విషయము. ప్రపంచమున ఆనాడు అత్యధిక ఉష్ణోగ్రత గల పట్టణముతో పోల్చగా రాళ్ళమడుగు అయిదు డిగ్రీలు శీతలముగా నున్నట్లు నిపుణుల పరిశీలనలో తేలినది. కావున వేడి అను ప్రశ్నయే ఉత్పన్నము కాదు." వారం తిరక్కుండా జవాబు వచ్చింది. జిల్లా వారు సంతోషించారు. ఈ పద్ధతి తక్కిన పురపాలక సంఘాలకు ఆదర్శమన్నారు. పరంధామాన్ని వాతావరణ తులనాత్మక సలహాదారుగా, ప్రస్తుత బాధ్యతలకు అదనంగా, నియమించారు.

బస్టాండు ముందు పదడుగుల బోర్డు లేచింది. నీలం రంగు మీద తెల్లని మంచుకొండ బొమ్మ. కింద "నేటి చల్లదనం: ... డిగ్రీలు" అని అక్షరాలు. మధ్యలో ఖాళీ. రోజూ మూడు గంటలకు పరంధామం ఇమాంవలి పంపిన అంకె చూసి, ప్రపంచంలో తక్కిన వేడి ఊళ్ళన్నీ ఫోన్‌లో తిరగేసి, అన్నిటికంటే పెద్ద అంకెలోంచి తన డాబా మీది అంకె తీసేసి, మిగిలింది సుద్దముక్కతో ఆ ఖాళీలో రాసేవాడు. నాలుగు. అయిదు. ఒకరోజు ఆరు. జనం ఆగి చూసేవారు. పంతొమ్మిదేళ్ళు ఎవరూ చూడని అంకెలను ఊరంతా చూస్తుంటే ఆయనకు నిజంగానే చల్లగా ఉండేది.

చల్లని ఊరికి చలివేంద్రం ఎందుకని నాలుగో రోజున చలివేంద్రాలు ఎత్తేశారు. మార్కెట్టులో తాటాకు పందిళ్ళు శీతల ప్రాంతానికి శోభనివ్వడం లేదని పీకేశారు. ప్రభుత్వాసుపత్రి నుంచి సెలైన్ సీసాల కోసం, ఓఆర్ఎస్ ప్యాకెట్ల కోసం వెళ్ళిన కాగితం, "సదరు పట్టణము శీతల జాబితాలో నున్నందున అవసరము కనబడుట లేదు" అనే ముద్రతో తిరిగొచ్చింది. నాపరాళ్ళ క్వారీల వాళ్ళు మధ్యాహ్నం సెలవు రద్దు చేసి, గోడకు ఆ బోర్డు ఫొటో అంటించారు.

ఇవన్నీ పరంధామం విన్నాడు. వినీ, అవి తనకు సంబంధం లేని సెక్షన్లనుకున్నాడు. ఆ తర్వాత తన సెక్షన్‌కే వచ్చింది. మరణాల రిజిస్టరులో కారణం రాసే చోట 'వడదెబ్బ' అనే మాట ఇకపై వాడరాదని ఆజ్ఞ. నిరుడు ఆ మాట ఆయన తన చేత్తో తొమ్మిది సార్లు రాశాడు. ఆ తొమ్మిది పేర్లూ ఆయనకు గుర్తే.

"సార్, ఇది మరీ..." అంటూ కమిషనర్ గదిలోకి వెళ్ళాడు.

"పరంధామం గారూ," అన్నారు శిఖామణి గారు. 'గారూ' అని అనడం కూడా అదే మొదలు. "చల్లని ఊళ్ళో వడదెబ్బ తగిలిందంటే ఎవరిది తప్పు? తగిలించుకున్నవాడిది. మన రికార్డు పాడుచేయడానికి తగిలించుకునేవాళ్ళను మనం ప్రోత్సహిస్తామా?"

ఆ 'గారూ' అడ్డం పడి పరంధామం వెనక్కి వచ్చేశాడు.

బస్టాండు వీధి ఊడ్చేది సూరమ్మ. నలభై అయిదేళ్ళది. ఎండాకాలమంతా తెల్లారగట్ల మొదలుపెట్టి తొమ్మిదింటికల్లా ఇంటికి పోయేది. ఇప్పుడు వేసవి వేళలు రద్దయి, పన్నెండు నుంచి మూడు దాకా రెండో డ్యూటీ పడింది. బోర్డు రాయడానికి వచ్చిన పరంధామాన్ని చీపురు చంకన పెట్టుకుని ఆపింది.

"సారూ, ఇయ్యాల ఎంతంట?"

"అయిదు, సూరమ్మా."

"అయిదంటే?"

"బస్రా కంటే అయిదు తక్కువ."

సూరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. తుడుచుకోవడానికి చెమట కూడా లేదు, ఉప్పు తేలింది. "బస్రా ఎండ బస్రావోళ్ళకి సారూ. నా నెత్తి ఈడుంది గందా. ఆ పెద్దసారుకి జెప్పి పొద్దున పూట ఎయ్యించరాదా? మీ మాట ఇంటారంట గదా."

"చూస్తాను," అన్నాడు పరంధామం. ఆ రోజు చూడలేదు. మర్నాడు కమిషనర్ గారు కాఫీ తెప్పించారు. ఆ కాఫీ తాగుతూ ఎలా అడగడమని ఆగాడు.

ఆ మర్నాడు రోహిణి కార్తె మొదలైంది. రోళ్ళు పగిలే కార్తె. రెండున్నరకు డాబా మీద నలభై ఏడు. బోర్డు దగ్గరికి వచ్చేసరికి జనం గుంపు. మధ్యలో సూరమ్మ. తారు రోడ్డు మీద పక్కకు ఒరిగి, కళ్ళు తేలేసి, ఏదో సణుగుతోంది. చెయ్యి పట్టుకుంటే పెనం పట్టుకున్నట్టుంది. బోర్డు నీడ అడుగున్నర మేర పడుతుంటే ఎవరో ఆమె తలను అందులోకి లాగారు. ఆ బోర్డు వల్ల ఊరికి జరిగిన మేలు అదొక్కటే.

ఆటోలో వేసుకుని పరంధామమే ఆసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరు మాలతి గారు చిన్న వయసావిడ. చూసీచూడగానే, "వడదెబ్బ. ఐసు తెండి, తడిదుప్పటి తెండి, త్వరగా," అంది. ఐసు లేదు. శీతల ప్రాంతంలో ఆసుపత్రి ఫ్రిజ్ దేనికని పదిరోజుల కిందట జిల్లాకు తరలించారు. పరంధామం ఎదురుగా ఉన్న సోడాకొట్టుకు పరిగెత్తాడు. యాభై రెండేళ్ళ మనిషి గోనెసంచిలో ఐసుగడ్డ భుజాన వేసుకుని, ముక్కలు కొట్టి, సూరమ్మ చంకల్లో, మెడ కింద తానే పెట్టాడు. చేతులు తిమ్మిరెక్కాయి. తియ్యలేదు.

గంట తర్వాత శిఖామణి గారు కారు దిగారు. పేషెంటును కాకుండా కాగితాన్ని చూశారు. "వడదెబ్బ అని రాశారేమిటమ్మా? బోర్డు మీద నిన్న కూడా నాలుగు డిగ్రీల చల్లదనం ఉంది."

"ఒంట్లో నూట ఆరు జ్వరం ఉందండీ," అంది మాలతి.

"చల్లని ఊళ్ళో నూట ఆరంటే అది చలిజ్వరం. చలిజ్వరమని రాసి, రగ్గు కప్పండి."

డాక్టరమ్మ ఆయన వైపు చూసి, కలం మూత పెట్టి జేబులో పెట్టుకుంది. "మీరే కప్పండి. కప్పిన మనిషి పేరు, టైము కేస్ షీట్లో రాస్తాను."

శిఖామణి గారు కప్పలేదు. వాచీ చూసుకుని, మీటింగు ఉందన్నారు. సాయంత్రానికి సూరమ్మ కళ్ళు తెరిచింది. మంచం పక్క తడిసిపోయి కూర్చున్న పరంధామాన్ని చూసి, "పోతానేమో అనుకున్నా సారూ," అంది. ఒక గుక్క నీళ్ళు తాగి, "పోతే మీ బుక్కులో ఏమని రాసేవోళ్ళు?" అని అడిగింది. ఎత్తిపొడుపుగా కాదు. తెలుసుకుందామనే అడిగింది. పరంధామం బయటికి వచ్చి, ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని జేబులోంచి కలం తీశాడు.

మర్నాడు పొద్దున్నే రాజీనామా కాగితంతో కమిషనర్ గదిలో నిలబడ్డాడు. ఈసారి కూర్చోలేదు. "ఈ సలహాదారు పని నాకొద్దండీ. బోర్డు మీద మన ఊరి అంకె రాయనివ్వండి. ఉన్నది ఉన్నట్టు."

"శుక్రవారం రాష్ట్ర బృందం వస్తోందయ్యా, శీతల పట్టణ పురస్కారం ఇవ్వడానికి!" శిఖామణి గారి గొంతు దీనంగా పలికింది. "ఆమోదం పొందిన నమూనా మార్చడానికి నాకు అధికారం లేదు. అత్యధిక ఉష్ణోగ్రత గల పట్టణంలోంచి మన ఊరిది తీసివేయగా వచ్చినది. అంతే రాయాలి. ఒక్క శుక్రవారం నిజాయితీగా రాసి, తర్వాత నీ ఇష్టం."

"నిజాయితీగానే రాస్తానండీ," అన్నాడు పరంధామం.

శుక్రవారం పొద్దున ఇమాంవలి ఫోన్ చేశాడు. "అన్నా, ఈడ నిన్నటి నుంచీ దుమ్ము తుఫాను. సూర్యుడే కనపడ్డంలా. నలభై దాటేట్టు లేదు." పరంధామం తక్కిన ఊళ్ళు వెతికాడు. ఒకచోట వాన, ఒకచోట మబ్బు. ఎడారులన్నీ ఆవేళ కూడబలుక్కుని సెలవు పెట్టినట్టుంది. పదకొండున్నరకే డాబా మీద నలభై ఏడు. ఆయన మూడుసార్లు సరిచూసుకున్నాడు. ఆ ఘడియకు ఆయనకు తెలిసిన లోకం మొత్తంలో అత్యధిక ఉష్ణోగ్రత గల పట్టణం రాళ్ళమడుగు.

రాళ్ళమడుగులోంచి రాళ్ళమడుగు తీసివేయగా సున్నా.

బోర్డు మీద సున్నా రాసి, చేతులు దులుపుకున్నాడు. చల్లదనం సున్నా అంటే ఎంత మొద్దుబుర్రకైనా తెలుస్తుంది, ఈ తమాషా ఇక్కడితో సరి అనుకున్నాడు.

పన్నెండింటికి రాష్ట్ర బృందం తెల్లకారులో దిగింది. దిగింది అనడం మాటవరసకే, కారు ఆగింది. బృందం నాయకురాలు హైమవతి గారు అద్దం దించలేదు. లోపల ఏసీ చలికి ఆవిడ కొంగు భుజాల నిండా కప్పుకుని ఉన్నారు. అద్దంలోంచే బోర్డు చూశారు. మంచుకొండ బొమ్మ, కింద '0 డిగ్రీలు'. కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చూశారు. పక్కనున్న అధికారి అద్దంలోంచే ఫొటో తీశాడు. అద్దం నాలుగు వేళ్ళ మేర దిగింది. శిఖామణి గారు ఆ సందులోంచి సన్మాన శాలువా లోపలికి తోశారు.

"పరిస్థితి ఇంత తీవ్రంగా ఉందని మాకు ముందే ఎందుకు నివేదించలేదు?" అని లోపలినుంచి గొంతు వచ్చింది. "సున్నా డిగ్రీల్లో జనం చొక్కాల్లేకుండా తిరుగుతున్నారే! మానవతా దృక్పథం ఉండనక్కర్లేదా?"

శిఖామణి గారి నుదుటి నుంచి చెమట ధారగా కారుతోంది. ఆయన ఏదో చెప్పబోయారు. "తమరి దయ," అన్నారు. అద్దం మూసుకుంది.

సోమవారానికి రాష్ట్రం కదిలింది. రాళ్ళమడుగును అతిశీతల బాధిత పట్టణంగా ప్రకటిస్తూ ఉత్తర్వులు వచ్చాయి. చలి తీవ్రత దృష్ట్యా పారిశుధ్య పనులు, క్వారీ పనులు సహా బయటి పనులన్నీ మధ్యాహ్నం కూడా నిలిపివేయాలి. ఆరువేల రగ్గులు, రెండు లారీల పొడుగాటి సరుగుడు బాదులు పంపుతున్నారు. రగ్గులు ప్రజలపై కప్పవలెను, కట్టెలు ప్రతి కూడలిలో చలిమంటలకై నిలుపవలెను, ఫొటోలు పంపవలెను.

బస్టాండు కూడలిలో బాదులు గుట్టగా పోశారు. పక్కన రగ్గుల బేళ్ళు. శిఖామణి గారు అగ్గిపెట్టె తీశారు. ఆయనకు ఎండ తెలియక కాదు. ఉత్తర్వు అంటే ఆయనకు ఎండ కంటే భయం.

"నిప్పెట్టమాకండి సారూ!" అంటూ సూరమ్మ గుంపును తోసుకుని వచ్చింది. నాలుగు రోజుల కిందటే ఆసుపత్రి నుంచి ఇంటికి చేరింది, ఇంకా నీరసం తగ్గలేదు. "ఇంతింత వాసాలు. కాల్చుకుంటే ఏమొచ్చుద్ది? పాతండి. మార్కెట్టు కాణ్ణించి ఆసుపత్రి దాకా పాతండి. పైన ఆ రగ్గులు పరిచి నీళ్ళు కొట్టండి."

"ఉత్తర్వు..." అన్నారు శిఖామణి గారు.

పరంధామం ఆయన చేతిలోంచి కాగితం తీసుకుని, గొంతు సవరించుకుని, పైకి చదివాడు. "రగ్గులు ప్రజలపై కప్పవలెను. పైన అనే ఉందండీ. ఎంత ఎత్తున అని లేదు. కట్టెలు నిలుపవలెను. నిలబెడతాం. చలిమంటలకై అన్నారు, చలి వచ్చాక వేద్దాం. ఒక్క అక్షరం తప్పదు."

కమిషనర్ గారు కాగితాన్ని తానూ చదువుకున్నారు. అగ్గిపెట్టె జేబులో పడింది.

పని ఆపేయమన్నారు కనక ఊళ్ళో కూలీలంతా ఖాళీయే. పారలు, గడ్డపారలు వాటంతటవే వచ్చాయి. రెండు రోజుల్లో మార్కెట్టు నుంచి ఆసుపత్రి దాకా పొడుగాటి పందిరి లేచింది. ఎర్రరగ్గులు, నీలంరగ్గులు, పులిబొమ్మ రగ్గులు. మునిసిపల్ ట్యాంకరు గంటకోసారి తడిపి పోతోంది. కింద ముసలివాళ్ళు నడుం వాల్చారు, క్వారీ మనుషులు పిల్లల్ని ఒళ్ళో వేసుకుని కూర్చున్నారు, కూరగాయలవాళ్ళు బుట్టలు దింపారు. పరంధామం తడిగుడ్డ థర్మామీటరు తెచ్చి పందిరి గుంజకు కట్టాడు. ఏ ఊరితోనూ పోల్చలేదు.

మూడో రోజు మధ్యాహ్నం శిఖామణి గారు తనిఖీకి వచ్చారు. ఆఫీసులో కరెంటు పోయి రెండు గంటలైంది. పందిరి కింద అటూ ఇటూ చూసి, ఒక నులకమంచం మీద కూర్చున్నారు. కాసేపటికి టై వదులు చేసుకున్నారు. మరికాసేపటికి వెల్లకిలా పడుకుని గురక తీశారు. ట్యాంకరు వచ్చింది. పైన రగ్గు తడిసి, అంచు నుంచి ఒక్కొక్క చుక్కా ఆయన నుదుటి మీద పడసాగింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వు ఆపుకున్నారు.

శిఖామణి గారు కళ్ళు తెరవకుండానే పెదవులు కదిపారు. "పరంధామం గారూ... మంచు పడుతోంది... రికార్డు చెయ్యండి."

పరంధామం జేబులోంచి పైకి తేలిన కలాన్ని మళ్ళీ లోపలికి నెట్టాడు. మంచం కాస్త పక్కకు జరిపి, చుక్క ఆయన మీద పడకుండా చేశాడు.

"చెయ్యనండీ," అన్నాడు మెల్లగా. "మీరు పడుకోండి."